కుట్టు మిషన్ లేని ఇల్లు

మా ఇంట్లో కుట్టు మిషన్ లేదు. ఎప్పుడూ లేదు. గుంటూరులో మా అమ్మకీ లేదు, ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో నాకూ లేదు. చొక్కాకి ఊడిన గుండీ కుట్టాలన్నా సూదిలో దారం ఎక్కించడానికి మా ఆయన్నే పిలుస్తాను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, పోయిన అక్టోబరులో మా అమ్మాయి రాసిన వ్యాసంలో నేను పొద్దస్తమానం బేస్‌మెంట్‌లో కుట్టు మిషన్ ముందే కూర్చుని ఉంటాను.

అమ్మాయి అప్పుడు పన్నెండో తరగతిలో ఉంది. ఇక్కడ కాలేజీలో సీటు కావాలంటే మార్కులతో పాటు ఒక వ్యాసం కూడా పంపాలి. పేజీన్నరకి మించకూడదు. నువ్వెవరివో చెప్పు అన్నదే దాని సారాంశం. పదిహేడేళ్ళ పిల్లకి తనెవరో ఏం తెలుస్తుంది, ఇంత వయసొచ్చినా నాకే సరిగ్గా తెలియదు అని నేను విసుక్కున్నాను. మా వీధి చివర ఉండే స్నేహితురాలు నవ్వి, అందుకే కోచ్ ఉంటుంది అని ఒక నంబరు ఇచ్చింది.

ఆ కోచ్ రిటైరైన ఇంగ్లీష్ టీచర్. అమెరికనావిడ. ఇంకో రాష్ట్రంలో ఉంటుంది, వీడియో కాల్‌లోనే పాఠం. మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో పిల్లలు చాలామంది ఆవిడ చేతి మీదుగానే కాలేజీలకి వెళ్ళారు. ఒకప్పుడు ఊరంతటికీ ఒకే మంత్రసాని ఉండేదట, అలాగన్నమాట. ఆదివారం ఆదివారం అమ్మాయి గదిలో తలుపేసుకుని గంటసేపు ఆవిడతో మాట్లాడేది. భోజనాల దగ్గరికి వచ్చి ఆ రోజు నేర్చుకున్నది మా ఇద్దరికీ అప్పజెప్పేది.

కథని మొదట్నుంచి మొదలుపెట్టకూడదట. నడుమలోంచి, ఏదో జరుగుతుండగా తలుపు తెరిచినట్టు మొదలుపెట్టాలట. ఏడుపొచ్చింది అని చెప్పకూడదట, ఏడుపొచ్చిన మనిషి గ్లాసుని ఎలా పట్టుకుందో చూపించాలట. ఒక వస్తువుని ఎంచుకోవాలట. ఆ వస్తువు కథలో రెండు మూడు చోట్ల కనిపించాలి, చివరికొచ్చేసరికి అది వట్టి వస్తువుగా మిగలకూడదు. దాన్నే సింబల్ అంటారట.

"అప్పడం సింబల్ అవుతుందా?" అన్నాను అప్పడం విరుస్తూ.

"డిపెండ్స్, అమ్మా. నువ్వు ఎప్పుడు బ్రేక్ చేస్తావో దాని మీద డిపెండ్ అవుతుంది," అంది సీరియస్‌గా.

మా ఆయన పగలబడి నవ్వారు. నాకు మాత్రం లోపల కాస్త అసూయగానే ఉంది. నేను చదువుకున్న ఇంగ్లీష్ వేరు. ఇంటర్‌లో మా లెక్చరర్ పుస్తకం తెరవకుండానే నోట్స్ చెప్పేవారు. ఈ కథలోని ఐరనీని వివరింపుము అని ప్రశ్న వస్తే గైడులో ఉన్న పేరాకి పేరా దించేవాళ్ళం. ఐరనీ అంటే ఏమిటో మాకెవరికీ తెలియదు, గైడులో ఎన్నో పేజీలో ఉందో మాత్రం అందరికీ తెలుసు. ఆ చదువుతోనే ఫస్ట్ క్లాసులో పాసయ్యాను.

ఇక నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పులు, మా భాషలో బగ్స్, పట్టుకోవడమే పని. ఇది నొక్కితే ఏం రావాలి, ఏం వచ్చింది, తేడా ఎంత, ఎంత ప్రమాదం, ఇవన్నీ రాసి పంపిస్తాను. ఏళ్ళ తరబడి అదే చేసి చేసి బుర్ర అలాగే తయారైంది. సాంబారులో ఉప్పు తక్కువైందని కూడా రిపోర్ట్ రాస్తానని మా ఆయన స్నేహితులు వెనక చెప్పుకుంటారట. చెప్పుకోనీ. నేను సంతకం పెట్టిన ప్రోగ్రాము ఇంతవరకూ ఎక్కడా కూలిపోలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం అమ్మాయి లైబ్రరీలో వాలంటీర్ పనికి వెళ్ళింది. మా ఆయన లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. వ్యాసంలో పదాలు హద్దు దాటాయేమో చూడమని అమ్మాయి ఆయనకి డాక్యుమెంట్ షేర్ చేసిందట. కళ్ళు తుడుచుకుంటున్నారు.

"చదువు. మన పిల్ల ఎంత బాగా రాసిందో చూడు," అన్నారు.

ఆయన సబ్బుల ప్రకటనకి కూడా కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. అందుకని నేనేమీ అనుకోకుండా చెయ్యి తుడుచుకుని కూర్చున్నాను.

వ్యాసం నడుమలోంచే మొదలైంది. బయట వాన. కింద బేస్‌మెంట్‌లోంచి కుట్టు మిషన్ చప్పుడు. ఏడేళ్ళ పిల్ల మెట్ల మీద కూర్చుని వింటోంది. కింద వాళ్ళమ్మ పెద్ద బొట్టు పెట్టుకుని ఊళ్ళో ఆంటీల బ్లౌజులు కుడుతోంది. ఆ అమ్మకి ఇంగ్లీష్ రాదు. ఆ వానలోనే స్కూల్లో టీచర్ని కలవడానికి వెళ్తే పిల్లే అమ్మ మాటలు టీచర్‌కీ, టీచర్ మాటలు అమ్మకీ చెప్తుంది. అమ్మ ఊరికే తలాడిస్తుంది. టేబుల్ కింద పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఆఖరి పేరాలో ఆ పిల్ల పెద్దదై, మాట రానివాళ్ళ తరఫున మాట్లాడటానికి లా చదువుతానంటుంది. మిషన్ చప్పుడు తన గొంతులో వినిపిస్తోందంటుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకంత మండిందో ఇప్పుడు నెమ్మదిగా చెప్పగలను కానీ అప్పుడు తెలిసిందల్లా మంటే. నేను ఎమ్‌సీఏ చదివాను. ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న ఏళ్ళు దాటుకుని, ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలు ఇచ్చి, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పుడు నా కింద ఒక టీమ్ ఉంది. ఇన్నేళ్ళ ఆ కష్టాన్ని నా కూతురు ఒక్క వాక్యంలో తుడిచేసి, నా చేతికి సూది దారం ఇచ్చింది. బ్లౌజులు కుట్టే ఆంటీ వేరే ఉంది, ఇక్కడికి పావుగంట దూరంలో, టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో. ఆవిడ దగ్గరికి నేనే అమ్మాయిని వెంటబెట్టుకుని కొలతలివ్వడానికి వెళ్ళేదాన్ని. ఆవిడ బేస్‌మెంటూ, ఆవిడ మిషనూ ఎత్తుకొచ్చి మా ఇంట్లో పెట్టేసింది. ఆ ఆంటీకైనా ఇంగ్లీష్ బ్రహ్మాండంగా వచ్చు.

అప్పుడు నేను చేసిన పని నా వృత్తిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. అమ్మాయి వచ్చేదాకా ఆగి అడగొచ్చు. ఫోన్ చెయ్యొచ్చు. నేను ఆ డాక్యుమెంట్లో వాక్యం వాక్యం ఎంచుకుని పక్కన కామెంట్లు పెట్టడం మొదలుపెట్టాను. ఆఫీసులో పెట్టినట్టే.

'వాస్తవం కాదు. టీచర్ని కలిసిన రోజు ఎండగా ఉంది, ఫోటో ఉంది.'

'బేస్‌మెంట్‌లో ఉన్నది ట్రెడ్‌మిల్. దాని మీద బట్టలు ఆరేస్తాం.'

'తల్లి ఇంగ్లీష్ మాట్లాడుతుంది. ఇంగ్లీష్‌లోనే జీతం తీసుకుంటోంది. తీవ్రత: ఎక్కువ.'

'తల్లి అంత పెద్ద బొట్టు పెళ్ళిళ్ళకి మాత్రమే పెడుతుంది.'

'టీచర్‌తో మీటింగ్ తల్లి స్వయంగా నడిపించింది. టీచర్ మెచ్చుకుంది. ఈ పేరా మొత్తం తీసెయ్యాలి.'

మా ఆయన వెనక నుంచి, "ఏంటే, పిల్ల వ్యాసాన్ని ఉతికి ఆరేస్తున్నావు" అన్నారు. "కథ కదా" అని కూడా అన్నారు. కథైతే పైన కథ అని రాయమనండి అని కీబోర్డు మీంచి తల ఎత్తకుండానే చెప్పాను. చివరి వాక్యం దాకా వెళ్ళి, అన్నీ ఒకసారి సరిచూసుకుని, కాఫీ పెట్టుకున్నాను. మనసులో ఏదో పని పూర్తిచేసిన తృప్తి ఉంది.

నేను పెట్టిన ప్రతి కామెంటూ లైబ్రరీలో ఉన్న అమ్మాయి ఫోన్‌లో టింగుమని మోగిందని నాకు తెలియదు. ఆ డాక్యుమెంట్‌లో కోచ్ కూడా ఉందని అసలే తెలియదు.

అమ్మాయి ఇంటికొచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది. బూట్లు కూడా విప్పలేదు.

"అమ్మా, కోచ్ అంతా చూసింది. నీకు తెలుసా? నాకు మెయిల్ పెట్టింది. ఈ ఎస్సేతో షీ కాంట్ గో ఫార్వర్డ్ అంట. డెడ్‌లైన్ నెక్స్ట్ వీక్!"

"అబద్ధాలు రాస్తే అంతే మరి."

"అబద్ధం కాదు! ఇట్స్ ఎ నేరేటివ్. ఆ మదర్ నువ్వు కాదు."

"మరెవరే? నీకింకో అమ్మ ఉందా?"

"షీ ఈజ్ ఎ క్యారెక్టర్, అమ్మా. నేరేటర్ కూడా నేను కాదు. అదొక వాయిస్."

"క్యారెక్టర్‌కి నా బొట్టు పెట్టావుగా. కింద నీ పేరు పెట్టి, ఇందులో ఉన్నదంతా నిజమని టిక్కు కూడా పెడతావు కదా. అప్పుడది కథెలా అవుతుంది చెప్పు?"

దీనికి జవాబు దొరకదని నాకు తెలుసు, అందుకే అడిగాను. మా ఆయన ఇద్దరి మధ్యా చేతులు చాచి నిలబడ్డారు, రోడ్డు మీద స్కూల్ పిల్లల్ని దాటించే మనిషిలా. అమ్మాయి చాలా మెల్లగా అడిగింది.

"నీకు అందులో వన్ సెంటెన్స్ కూడా నచ్చలేదా?"

నచ్చిన వాక్యం కోసం నేను వెతకనే లేదు. తప్పు లేని చోట కామెంట్ పెట్టడం నా పనిలో లేదు. అమ్మాయి మేడ మీదికి వెళ్ళిపోయింది. ఆ పూట భోజనానికి రాలేదు.

తర్వాతి రోజుల్లో ఇంట్లో మాటలు అవసరానికి మించి లేవు. లంచ్ బాక్స్ తీసుకున్నావా, తీసుకున్నా. ఎన్నింటికొస్తావు, లేటవుతుంది. గడువు దగ్గరపడుతోంది, తన దగ్గర వ్యాసం లేదు. సీటు పోతే అది నా వల్లే పోయినట్టు. ఆ భయం నాకు రోజంతా ఉండేది. కానీ భయంతో పాటు, తప్పు నాది కాదన్న పట్టుదల కూడా అంతే గట్టిగా ఉండేది. ఆ రెండూ పక్కపక్కనే ఉండగలవని అప్పుడే తెలిసింది.

మంగళవారం కోచ్ నాకే ఫోన్ చేసింది. ఆఫీసు కాల్ అనుకుని ఎత్తాను. ఆవిడ గొంతు నెమ్మదిగా ఉంది. మీరు చెప్పింది నిజం, లేనిది ఉన్నట్టు రాసి పంపకూడదు, అది నేను తనకి చెప్పాను అంది. మీ అమ్మాయి మెళకువలన్నీ చాలా తొందరగా పట్టేసింది, కొత్తగా వంట నేర్చుకున్నవాళ్ళు అన్ని మసాలాలూ ఒకే కూరలో వేసినట్టు అంది. అంతవరకూ నాకు హాయిగానే ఉంది. తర్వాత ఇంకో మాట అంది. ఎన్నో ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను, పిల్లలు ఏ వస్తువునీ గాల్లోంచి ఊరికే తీసుకోరు. ఎందుకు అబద్ధం రాశావని అడక్కండి, ఆ కుట్టు మిషన్ ఏమిటని అడగండి.

థాంక్యూ చెప్పి పెట్టేశాను. నా కూతురి గురించి ఈవిడ నాకు చెప్పేదేమిటని ఉక్రోషం వచ్చింది. అయినా ఆ మధ్యాహ్నం పెరుగన్నం తింటూ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఆ మెళకువల గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే చిత్రంగా అనిపించింది. ముందే చిన్న సూచన వదలడం. పాఠకుడికి తెలిసి పాత్రకి తెలియకపోవడం. నమ్మదగని కథకుడు. ఆ చివరి దాని దగ్గర ఆగిపోయాను. చెప్పేవాడు అబద్ధాలకోరు కానక్కర్లేదట. చిన్నపిల్ల కావచ్చు, భయపడ్డవాడు కావచ్చు, సగమే చూసినవాడు కావచ్చు. జరిగింది వేరు, వాడు చెప్పేది వేరు. చదివేవాళ్ళు వాడి మాటల సందుల్లోంచి అసలు జరిగింది వెతుక్కోవాలి.

ఇది నాకు కొత్త సంగతేం కాదు. ప్రోగ్రాము వాడే మనుషులు మాకు ఫిర్యాదులు పంపుతారు కదా, వాటిలో ఒక్కటీ ఉన్నదున్నట్టు ఉండదు. అంతా పోయింది, నా డేటా అంతా తుడిచిపెట్టుకుపోయింది అని ఒకాయన గుండెలు బాదుకుంటూ రాస్తాడు. తీరా చూస్తే ఏదీ పోలేదు, బటన్ ఒకటి ఎడమ నుంచి కుడికి మారింది. అలాంటివాణ్ణి నువ్వు అబద్ధం చెప్పావని నేనెప్పుడూ అనలేదు. ఆ సమయంలో ఏ స్క్రీన్ ముందున్నారు, ఏం చూశారు అని ఓపిగ్గా అడుగుతాను. ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా అలాగే అడిగాను. ఇంట్లో పిల్లని అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికి డ్రైవ్ చేస్తుంటే అదే గుచ్చుకుంటూ ఉంది.

గురువారం కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్‌కి బయల్దేరాను. అమ్మాయి తనూ వస్తానంది, తనకి కారు నడపడమంటే సరదా. తను డ్రైవ్ చేస్తోంది, నేను పక్కన. ఇద్దరం ఎదురుగా రోడ్డునే చూస్తున్నాం కాబట్టి అడగడం తేలికైంది. రోడ్డు పక్కన కిటికీల్లేని డేటా సెంటర్లు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తున్నాయి.

"ఆ కుట్టు మిషన్ ఏంటి?" అన్నాను.

తను స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుంది. పోట్లాటకి వచ్చాననుకుని ఉంటుంది.

"నువ్వు మ్యాడ్ అవ్వవు కదా?"

"అవ్వను."

"ఓల్డ్ హౌస్‌లో, గరాజ్. నువ్వు మార్నింగ్ కార్‌లో కూర్చునేదానివి."

నేను రోడ్డు మీంచి చూపు తిప్పి తనని చూశాను.

అప్పుడు అమ్మాయి రెండో తరగతి. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే ఫోన్‌లో టీమ్ మీటింగ్. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, పని ఎక్కడైనా ఆగిందా, ఒక్కొక్కరూ మూడు ముక్కలు చెప్పాలి. నేను చెప్పేటప్పుడు అటువైపు నిశ్శబ్దం వచ్చేది, తర్వాత ఎవరో ఒకరు మళ్ళీ చెప్పమనేవారు. అందుకని మీటింగ్‌కి ముందు గరాజ్‌లోకి వెళ్ళి, కారులో అద్దాలెక్కించుకుని కూర్చుని, ఆ మూడు ముక్కలూ బయటికి అనుకునేదాన్ని. నాలుక తిరిగేదాకా అనుకునేదాన్ని. మా ఆయనకి కూడా ఈ సంగతి తెలియదు. పిల్ల లోపల టీవీ ముందు కూర్చుని పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటోందనుకునేదాన్ని.

"నేను డోర్ వెనక స్టెప్ మీద కూర్చునేదాన్ని. నా బౌల్ పట్టుకుని," అంది. "నువ్వు సేమ్ సెంటెన్స్ మళ్ళీ మళ్ళీ చెప్పేదానివి. టక టక టక అని. స్టాప్ చేసి, మళ్ళీ ఫస్ట్ నుంచి. బ్లౌజ్ ఆంటీ బేస్‌మెంట్‌లో మిషన్ సౌండ్ వస్తుంది కదా, అలా ఉండేది. నీకు ఇంగ్లీష్ రాదు, ఎవరికీ తెలియకుండా ప్రాక్టీస్ చేస్తున్నావు అనుకున్నా. ఒకసారి నువ్వు ఏడ్చావు. నాన్నకి చెప్పలేదు. సీక్రెట్ కదా అని."

"మరి టీచర్ మీటింగ్?"

"టీచర్‌కి అర్థం అవ్వలేదు, సారీ? సారీ? అని మళ్ళీ అడిగింది. నువ్వు చెప్పింది నేను మళ్ళీ చెప్పా. అప్పుడు నువ్వు నా హ్యాండ్ పట్టుకున్నావు. టైట్‌గా. టేబుల్ కింద."

ఆ మీటింగ్ నాకు గుర్తుంది. టీచర్ పొడుగు జడ, గోడ మీద కాగితం సీతాకోకచిలుకలు, పిల్ల చదువులో ముందుందని ఆవిడ మెచ్చుకోవడం, అన్నీ గుర్తున్నాయి. ఆ మీటింగ్‌ని నేను పాసైన పరీక్షగా మనసులో దాచుకున్నాను. అమ్మాయి నా మాటలు తిరిగి చెప్పిన సంగతి మాత్రం ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. కానీ చేతికి గుర్తొచ్చింది. ఆ చిన్న చెయ్యి, పెన్సిల్ పట్టుకునే చోట గరుకు.

మొహం వేడెక్కిపోయింది. కిటికీ అద్దం దించాను. సిగ్గు, చెప్పలేనంత సిగ్గు. ఎప్పుడో జరిగినదాని గురించి కాదు. నేను దాక్కున్నాననుకున్న చోట ఒక పిల్ల ఇన్నేళ్ళుగా బౌల్ పట్టుకుని కూర్చుని ఉందని. ఏడేళ్ళ పిల్ల నా పరువు కాపాడిందని. ఆ సిగ్గు వెనకాల తన మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది, కానీ ముందు వచ్చింది సిగ్గే.

"అయితే అదే రాయి. అది నిజమేగా," అన్నాను.

రెడ్ లైట్ పడింది. తను కారాపి నావైపు తిరిగింది. శనివారం తర్వాత మళ్ళీ ఇప్పుడే నన్ను సూటిగా చూసింది.

"రియల్లీ? రాయొచ్చా?"

"రాయి."

తన మొహం విప్పారింది. ఏదో వాక్యం అప్పుడే దొరికినట్టు పెదవులు కదిలాయి. నేను అక్కడితో నోరు మూసుకుని ఉండాల్సింది. గ్రీన్ లైట్ ఇంకా పడలేదు.

"గరాజ్ అని ఎందుకులే, ఆఫీస్ రూమ్ అను," అన్నాను. "ఏడవడం కూడా అక్కర్లేదు. అది ఒక్కసారేగా. ఇప్పుడు నేను టీమ్ లీడ్ అని చివర్లో పెడితే సరిపోతుంది."

వెనక కారు హారన్ కొట్టింది. అమ్మాయి ముందుకు తిరిగింది.

"ఓకే, అమ్మా," అంది.

అంతే అంది. కోపం లేదు, విసురు లేదు. స్టోర్‌లో కరివేపాకు తాజాగా ఉన్నది తనే ఏరి పెట్టింది. బిల్లు దగ్గర క్యూలో నాకు మామిడికాయ చాక్లెట్ కొనిపెట్టమని చిన్నపిల్లలా అడిగింది కూడా. సమస్య తీరిపోయిందనుకున్నాను. తను నాకు గరాజ్ ఇచ్చింది, నేను దాన్ని దిద్ది తిరిగిచ్చానని అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. అర్థమయ్యాక తన గది తలుపు దాకా వెళ్ళాను. లోపల టైప్ చేస్తున్న చప్పుడు వినిపించింది. పనిలో ఉంది కదా, చెడగొట్టడమెందుకని వెనక్కి వచ్చేశాను.

ఇక్కడ మాత్రం గరాజ్ అనే రాశాను. ఏడ్చానని కూడా రాశాను. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు.

ఆదివారం మధ్యాహ్నం తను లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద నా ముందు పెట్టింది. కొత్త వ్యాసం. కోచ్ చదివి, శుభ్రంగా ఉంది, పంపొచ్చు అందట. మా ఆయన అప్పటికే చదివారు. బాగుందమ్మా అని మాత్రం అన్నారు, కళ్ళద్దాలు తియ్యాల్సిన అవసరం రాలేదు.

"చెక్ చెయ్యి, అమ్మా. నీకు కామెంట్ యాక్సెస్ ఇచ్చా," అంది.

వ్యాసం లైబ్రరీ గురించి. తిరిగొచ్చిన పుస్తకాలని బండి మీద పేర్చుకుని ఏ అరలోది ఆ అరలో పెట్టడం గురించి. ఒక పుస్తకం తప్పు అరలోకి వెళ్తే అది పోయినట్టే లెక్క, ఎవరికీ దొరకదు. అలా పోయినదాన్ని వెతికి పట్టుకోవడం తనకిష్టమని, అందుకే సమాచార శాస్త్రం చదవాలనుకుంటున్నానని రాసింది. కోచ్ చెప్పినవన్నీ ఉన్నాయి. నడుమలోంచే మొదలైంది. బండి ఒక వస్తువుగా మూడుసార్లు వచ్చింది.

నేను వాక్యం వాక్యం చదివాను. ఆ బండికి ముందు చక్రం నిజంగానే కీచుమంటుంది, నేను విన్నాను. లైబ్రరీకి నిజంగానే రెండంతస్తులు. తను వెళ్ళేది శనివారాలే. ఆ రోజు వాన అని లేదు, ఎండ అని లేదు. కర్సర్‌ని పైనుంచి కింది దాకా నడిపి, మళ్ళీ కింది నుంచి పైకి వచ్చాను. ఎక్కడో ఒక చోట ఒక మెట్టు, ఒక తలుపు, పాలల్లో నానిన కార్న్‌ఫ్లేక్స్ బౌల్, పోనీ ఒక చెయ్యి ఉంటుందేమోనని చూశాను. ఈసారి నేను వెతుకుతున్నది తప్పు కాదు.

తను నా కుర్చీ వెనక నిలబడి ఉంది. పంపడానికి తొందరపడుతోంది.

"బగ్స్ ఉన్నాయా?" అంది.

"లేవు," అన్నాను.

నిజంగానే లేవు. ఆ పేజీన్నరలో ఒక్క తప్పూ లేదు. నేనూ లేను.